ల్యాప్‌టాప్ లేని స్టేజీకి మిడి బాక్స్ ఎంచుకోవడం

పెళ్ళి ఆర్కెస్ట్రాలో గానీ, చర్చి క్వైర్‌లో గానీ రెండు కీబోర్డులు, ఒక ఆక్టాప్యాడ్ (కర్రలతో కొట్టే ఎలక్ట్రానిక్ డ్రమ్ ప్యాడ్), ఒక సౌండ్ మాడ్యూల్ (కీలు లేకుండా టోన్లు మాత్రమే మోగించే పెట్టె) కలిపి వాయించాలంటే ల్యాప్‌టాప్ అక్కర్లేదు. మిడి అంటే ఏ నోటు, ఎంత గట్టిగా అని వాద్యాలు తీగ గుండా ఒకదానికొకటి చెప్పుకునే సందేశాల భాష. ఆ సందేశాలను దారి మళ్ళించి, అక్కర్లేనివి ఆపేసే చిన్న బాక్సులు చాలా రకాలున్నాయి. కానీ ఇన్‌లెన్ని, అవుట్‌లెన్ని అని లెక్కపెట్టి కొంటే డబ్బు దండగే అయ్యే అవకాశం ఎక్కువ. ఏ సందేశం ఎక్కడికి వెళ్ళాలో అందరూ ఆలోచిస్తారు. ఏది ఎక్కడికి వెళ్ళకూడదో తేల్చుకున్నాకే బాక్స్ సంగతి చూడాలి. స్టేజీ మీద వచ్చే తంటాలు దాదాపు అన్నీ అక్కడే పుడతాయి.

విశాఖలో ల్యాప్‌టాప్‌ని స్టేజీకి దూరంగా ఉంచడానికి వేరే కారణాలూ ఉన్నాయి. బీచ్ రోడ్డు మీదో, రుషికొండ వైపు లాన్‌లోనో సాయంత్రం నాలుగైదు గంటలు ప్రోగ్రాం నడిస్తే ఉప్పు తేమ ప్రతి సాకెట్‌లోకీ చేరుతుంది. కరెంటు పోయి జనరేటర్ అందుకునేలోపు ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద బతికే ఉంటుంది, కీబోర్డు మాత్రం ఆగి మళ్ళీ లేస్తుంది. లేచిన కీబోర్డును సాఫ్ట్‌వేర్ గుర్తుపట్టకపోతే పాట మధ్యలో మౌస్ పట్టుకోవాలి.

ముందు కాగితం

ఒక తెల్లకాగితం మీద గడులు గీయండి. ఎడమవైపు పంపే వాద్యాలు, పైన అందుకునే వాద్యాలు. గడిలో టిక్కు పెడితే సరిపోదు. ఏ ఛానెల్ (ఒకే తీగలో ఏ సందేశం ఎవరిదో విడదీసే నంబరు), ఏ రకం సందేశాలు, ఏవి వద్దు అన్నది రాయాలి.

మన ఊళ్ళో తరచూ కనిపించే సెటప్ ఒకటి తీసుకుందాం. కింది కీబోర్డు మీద పియానో, స్ట్రింగ్స్. పై కీబోర్డు మీద ఫ్లూటు, వీణ, షెహనాయ్ లాంటి లీడ్ టోన్లు. పక్కన ఆక్టాప్యాడ్. ర్యాక్‌లో సౌండ్ మాడ్యూల్. వీటికి తోడు యూఎస్‌బీ తప్ప వేరే మిడి సాకెట్ లేని చిన్న ప్యాడ్ కంట్రోలర్. కాగితం మీద ఇలా వస్తుంది: కింది కీబోర్డు నుంచి మాడ్యూల్‌కి 1వ ఛానెల్లో నోట్లు, సస్టెయిన్ పెడల్ మాత్రమే. పై కీబోర్డు నుంచి మాడ్యూల్‌కి 2వ ఛానెల్లో నోట్లు, పిచ్ బెండ్, మాడ్యులేషన్, ప్రోగ్రాం చేంజ్ (టోన్ మార్చమనే సందేశం). ఆక్టాప్యాడ్ నుంచి 10వ ఛానెల్లో నోట్లు తప్ప ఇంకేమీ వద్దు. కింది కీబోర్డు క్లాక్ (టెంపో చెప్పే సందేశం) పై కీబోర్డుకి వెళ్ళాలి, ఎందుకంటే దాని ఆర్పెజియేటర్ (పట్టుకున్న నోట్లను వరుసగా వాయించేది) టెంపోతో కలవాలి. అదే క్లాక్ మాడ్యూల్‌కి మాత్రం అక్కర్లేదు. యూఎస్‌బీ ప్యాడ్ నుంచి మాడ్యూల్‌కి 3వ ఛానెల్లో నోట్లు.

ఇప్పుడు కాగితం చూడండి. పంపేవి నాలుగు, అందుకునేవి రెండే. ఎనిమిది ఇన్‌లు, ఎనిమిది అవుట్‌ల ర్యాక్ బాక్స్ ఇక్కడ బరువు తప్ప ఏమీ కాదు. అసలు ప్రశ్న వేరే ఉంది. కింది కీబోర్డు క్లాక్‌ని ఒక దారిలో వదలాలి, ఇంకో దారిలో ఆపాలి. ఇన్ దగ్గర ఒకే ఫిల్టర్ ఉన్న బాక్స్ ఈ పని చేయలేదు. అక్కడ క్లాక్ ఆపితే రెండు దారుల్లోనూ ఆగుతుంది. అవుట్ దగ్గర ఫిల్టర్ ఉన్నది ఈ ఒక్క పని చేస్తుంది గానీ ప్రోగ్రాం చేంజ్ దగ్గర చేతులెత్తేస్తుంది. ఎందుకంటే మాడ్యూల్‌కి పై కీబోర్డు ప్రోగ్రాం చేంజ్ కావాలి, కింది కీబోర్డుది వద్దు, రెండూ వెళ్ళేది ఒకే అవుట్ నుంచి. ఛానెల్‌ని బట్టి కూడా ఫిల్టర్ చేయగలిగితే ఎలాగో నెట్టుకురావచ్చు. శుభ్రంగా జరగాలంటే ఫిల్టర్ ప్రతి దారికీ విడిగా ఉండాలి, అంటే ఏ ఇన్ నుంచి ఏ అవుట్‌కి అన్న ప్రతి జతకీ వేరువేరు నియమాలు. కొనే ముందు మాన్యువల్ డౌన్‌లోడ్ చేసి ఈ ఒక్క విషయం వెతకండి. బాక్స్ మీద "ఫిల్టరింగ్ ఉంది" అని రాసినంత మాత్రాన ఏ చోట ఉందో తెలియదు.

శృతి మారినప్పుడు

మన స్టేజీల మీద ఇది ప్రతి రెండు పాటలకూ జరిగే పని. సింగర్ మారగానే స్కేలు మారుతుంది, కీబోర్డు ప్లేయర్ ట్రాన్స్‌పోజ్ నొక్కుతాడు. కొన్ని కీబోర్డులు ట్రాన్స్‌పోజ్ చేసిన నోటు నంబర్నే మిడి అవుట్‌లో పంపుతాయి, కొన్ని నొక్కిన కీ నంబర్నే పంపుతాయి, కొన్నింటిలో మిడి సెట్టింగుల్లో ఎంచుకోవచ్చు. మొదటి రకం కీబోర్డుకి తోడు బాక్స్‌లో కూడా ట్రాన్స్‌పోజ్ పెట్టుకుంటే రెండు స్వరస్థానాలు పెంచాల్సిన చోట నాలుగు పెరిగి మాడ్యూల్ ఒక శృతిలో, కీబోర్డు ఒక శృతిలో మోగుతాయి. ట్రాన్స్‌పోజ్ ఎక్కడో ఒకచోటే జరగాలి. చేతికి అందేది కీబోర్డు బటన్ కాబట్టి అక్కడే ఉంచి, బాక్స్‌లో సున్నా పెట్టడం మేలు.

బాక్స్‌లోనే చేయక తప్పనప్పుడు 10వ ఛానెల్‌ని వదిలేయాలి. జనరల్ మిడి డ్రమ్స్‌లో 36వ నోటు బాస్ డ్రమ్, 38 స్నేర్, 42 మూసిన హై-హ్యాట్, 44 పెడల్ హై-హ్యాట్. రెండు పెంచితే బాస్ డ్రమ్ కొట్టిన చోటల్లా స్నేర్ మోగుతుంది. ప్యాడ్ పాడైందని ప్లేయర్ కంగారు పడతాడు, తప్పు మాత్రం బాక్స్‌లో ఉంటుంది. ఛానెల్‌ని బట్టి ట్రాన్స్‌పోజ్ చేయలేని బాక్స్ ఈ పనికి వద్దు.

ఇంకో ముఖ్యమైన పరీక్ష ఉంది. ఒక కీ నొక్కి పట్టుకోండి. పట్టుకునే ఉండి బాక్స్‌లో ట్రాన్స్‌పోజ్ గానీ ప్రీసెట్ (భద్రపరిచిన సెట్టింగుల కట్ట) గానీ మార్చండి. అప్పుడు కీ వదలండి. శబ్దం ఆగితే మంచి బాక్స్. ఆగకుండా మోగుతూనే ఉంటే, నోట్ ఆన్ ఒక దారిలో పోయి, నోట్ ఆఫ్ కొత్త దారిలో పోయిందన్నమాట. సరిగ్గా రాసిన బాక్స్ మోగుతున్న నోట్లను గుర్తుంచుకుని వాటి ఆఫ్‌ని పాత దారిలోనే పంపుతుంది, లేదా మార్చే ముందు పాత దారికి నోట్ ఆఫ్‌లు పంపుతుంది. సస్టెయిన్ పెడల్ తొక్కి పట్టుకుని కూడా ఇదే పరీక్ష చేయాలి. చాలామంది మర్చిపోయేది అదే.

వేటిని ఆపాలి, ఆపితే ఏమవుతుంది

యాక్టివ్ సెన్సింగ్ అనేది "నేను ఇంకా ఉన్నాను" అని కొన్ని వాద్యాలు 300 మిల్లీసెకన్లు దాటకుండా పంపే ఒక బైటు. అందుకునే వాద్యం ఇది ఒక్కసారి విన్నాక, తర్వాత ఆ గడువులో ఏ సందేశమూ రాకపోతే తీగ ఊడిందనుకుని మోగుతున్న నోట్లన్నీ ఆపేస్తుంది. కాబట్టి దీన్ని పాట మధ్యలో ఆపకూడదు. దారి మార్చిన క్షణాన స్ట్రింగ్స్ చటుక్కున తెగిపోతున్నాయంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. పవర్ ఇచ్చినప్పటి నుంచీ అన్ని ఇన్‌ల దగ్గరా ఆపి ఉంచితే ఇబ్బంది రాదు.

క్లాక్ ఒక బీట్‌కి 24 సార్లు వస్తుంది. రెండు వాద్యాల క్లాక్ ఒకే అవుట్‌లో కలిస్తే అందుకునేదానికి 48 అందుతాయి. టెంపో రెట్టింపవుతుంది, లేదా గంతులేస్తుంది. చాలా కీబోర్డులు స్టైల్ నడవకపోయినా క్లాక్ పంపుతూనే ఉంటాయి. మాస్టర్ ఒకటే అని నిర్ణయించి మిగతా వాటి క్లాక్‌ని, దానితోపాటు స్టార్ట్, స్టాప్, కంటిన్యూలను కూడా ఆపండి. స్టార్ట్‌ని మర్చిపోతే ఒకరు స్టైల్ మొదలుపెట్టగానే ఇంకొకరి కీబోర్డులో సీక్వెన్సర్ లేస్తుంది.

ప్రోగ్రాం చేంజ్‌ని ఆపేటప్పుడు బ్యాంక్ సెలెక్ట్‌ని కూడా, అంటే కంట్రోలర్ 0, 32 రెండింటినీ ఆపాలి. ఒకదాన్ని ఆపి ఒకదాన్ని వదిలితే మాడ్యూల్ బ్యాంకు మారి, తర్వాత వచ్చే నిజమైన ప్రోగ్రాం చేంజ్ వేరే టోన్‌కి పోతుంది. ఫ్లూటు రావాల్సిన చోట ట్రంపెట్ రావడం ఇలాగే. కంట్రోలర్ 7, అంటే వాల్యూమ్, ఇంకోటి. కీబోర్డులో టోన్ మార్చగానే కొన్ని మోడళ్ళు దీన్ని కూడా పంపి మాడ్యూల్ స్థాయిని పాడుచేస్తాయి.

వెలాసిటీ (ఎంత గట్టిగా కొట్టారన్న లెక్క) ఫిల్టర్ దగ్గర చాలా జాగ్రత్త. స్టేజీ మీద సబ్ వూఫర్ల అదురుకి ప్యాడ్లు వాటంతటవే చిన్నగా మోగుతుంటే, 20 కన్నా తక్కువ వెలాసిటీ ఉన్న నోట్లు ఆపేద్దామనిపిస్తుంది. చాలా వాద్యాలు నోట్ ఆఫ్‌ని సున్నా వెలాసిటీ ఉన్న నోట్ ఆన్‌గా పంపుతాయి. మీ ఫిల్టర్ వాటిని కూడా మింగేస్తే నోట్లు ఆగవు. పరిధిని 1 నుంచి 19 వరకు ఆపేలా పెట్టండి, సున్నాని ముట్టుకోకండి. అసలు ముందు ఆక్టాప్యాడ్‌లోనే సెన్సిటివిటీ, థ్రెషోల్డ్ సర్దుకుని, స్టాండ్ కాళ్ళ కింద మందపాటి రబ్బరు మ్యాట్ వేస్తే ఈ ఫిల్టర్ అవసరమే రాకపోవచ్చు.

ఆఫ్టర్‌టచ్ (నొక్కిన కీని ఇంకా ఒత్తితే పోయే సందేశం) సంగతి లెక్కతో చెప్పాలి. ఐదు పిన్నుల మిడి తీగ సెకనుకి 31,250 బిట్లు మోస్తుంది. ఒక్కో బైటుకీ ముందొక బిట్టు, వెనకొక బిట్టు కలిసి 10 బిట్లు, అంటే సెకనుకి 3,125 బైట్లు. ఒక బైటుకి 0.32 మిల్లీసెకన్లు, మూడు బైట్ల నోటుకి దాదాపు ఒక మిల్లీసెకను. పది వేళ్ళతో ఒకేసారి నొక్కిన నోట్లు ఒకదాని వెనక ఒకటి పోతాయి: స్టేటస్ బైటు (ఇది ఏ రకం సందేశమో చెప్పే మొదటి బైటు) మళ్ళీమళ్ళీ పంపకుండా పొదుపు చేస్తే 21 బైట్లు, 6.7 మిల్లీసెకన్లు, పొదుపు చేయకపోతే 30 బైట్లు, 9.6 మిల్లీసెకన్లు. ఒక్క కీబోర్డుకి ఇది వినపడదు. మూడు వాద్యాలను ఒకే అవుట్‌లో కలిపి, వాటిలో ఒకటి కీ మీద వేలు ఒత్తిన ప్రతిసారీ సెకనుకి 300 ఆఫ్టర్‌టచ్ సందేశాలు పంపుతోందనుకోండి. రెండేసి బైట్ల చొప్పున 600 బైట్లు, దారిలో ఐదో వంతు దానికే పోయింది. ఆక్టాప్యాడ్ దెబ్బ ఆ వరుసలో నిలబడి ఎదురుచూడాలి. డ్రమ్ ఒక్కోసారి సరిగ్గా, ఒక్కోసారి కాస్త వెనగ్గా పడుతుంటే కారణం తరచూ ఇదే. మాడ్యూల్ టోన్ ఆఫ్టర్‌టచ్‌ని వాడనప్పుడు దాన్ని ఇన్ దగ్గరే, కలవకముందే ఆపండి. మాడ్యూల్‌కి రెండు మిడి ఇన్‌లుంటే ఒకటి పూర్తిగా ఆక్టాప్యాడ్‌కి వదిలేయండి. ఈ ఒక్క పనికి బాక్స్‌లో ఇంకో అవుట్ ఉండటం నిజంగా విలువైనది.

సిస్టమ్ ఎక్స్‌క్లూజివ్ సందేశాలు (ఒక్కో కంపెనీ తన వాద్యాల టోన్లు, సెట్టింగుల కోసం వాడేవి) పొడవుగా ఉంటాయి, మధ్యలో వేరే నోటు దూరితే చెడిపోతాయి. కలిపే బాక్స్ ఒకటి పూర్తయ్యేదాకా మిగతా వాటిని ఆపి ఉంచాలి. బఫర్ చిన్నదైన చవక బాక్సులు పొడవాటి డంపుని సగంలో కోసేస్తాయి. కాబట్టి కీబోర్డు టోన్ల బ్యాకప్ ఇంట్లో నేరుగా చేసుకోండి, బాక్స్ గుండా వద్దు. స్టేజీ ప్రీసెట్‌లో దీన్ని మొత్తం ఆపేయవచ్చు.

రెండు మిడి తీగల్ని వై కేబుల్‌తో ఒకటిగా కలపడం ఎప్పుడూ కుదరదు. రెండు వైపుల బైట్లు ఒకదాని మీద ఒకటి పడి చెత్తగా మారతాయి. కలపడానికి లోపల ప్రాసెసర్ ఉన్న మెర్జర్ కావాలి. విడదీయడానికి కూడా వై కేబుల్ వద్దు. మిడి 5 మిల్లీ ఆంపియర్ల కరెంటు మీద నడుస్తుంది, రెండుగా పంచుకుంటే ఒక్కోసారి రెండూ వినవు. థ్రూ బాక్స్ (ఒక ఇన్‌ని చాలా అవుట్‌లకి పంచేది) వాడాలి.

ఫిల్టర్‌తో పోని జబ్బు ఒకటుంది, లూపు. కింది కీబోర్డు అవుట్ బాక్స్‌లోకి వెళ్ళి, అదే కీబోర్డు ఇన్‌లోకి తిరిగొస్తే ప్రతి నోటూ రెండుసార్లు మోగుతుంది. శబ్దం డబ్బాలోంచి వచ్చినట్టు బోలుగా ఉంటుంది, ఒకేసారి మోగగల నోట్ల సంఖ్య సగానికి పడిపోతుంది. కీబోర్డులో లోకల్ కంట్రోల్, అంటే కీలకీ లోపలి టోన్లకీ ఉన్న నేరు సంబంధం, ఆఫ్ చేయడం ఒక దారి. కానీ బాక్స్ పవర్ పోతే కీబోర్డు కూడా మూగబోతుంది. కాబట్టి స్టేజీ కోసం నేను చెప్పేది ఇదొక్కటే: లోకల్ ఆన్‌లోనే ఉంచండి, ఎవరి సందేశం వాళ్ళకే తిరిగి రాకుండా బాక్స్‌లో ఆ గడిని ఖాళీగా వదలండి.

యూఎస్‌బీ సాకెట్ ఏ వైపుది

"యూఎస్‌బీ మిడి ఇంటర్‌ఫేస్" అని అమ్మేవాటిలో ఎక్కువ భాగం కంప్యూటర్‌కి తగిలించుకునేవే. ఒక చివర యూఎస్‌బీ ప్లగ్, ఇంకో చివర రెండు డిన్ ప్లగ్గులు, అంటే ఐదు పిన్నుల మిడి ప్లగ్గులు, ఉన్న ఆ తీగలు కంప్యూటర్ లేకుండా ఏమీ చేయవు. యూఎస్‌బీలో ఒకరు హోస్ట్ (నడిపించేది), ఒకరు డివైస్ (దానికి తగిలించేది). రెండు కీబోర్డులు రెండూ డివైస్‌లే, వాటిని తీగతో కలిపినా మాట్లాడుకోవు. మన కాగితం మీదున్న చిన్న ప్యాడ్ కంట్రోలర్ పనిచేయాలంటే బాక్స్‌కి హోస్ట్ పోర్టు ఉండాలి, అంటే పెన్ డ్రైవ్ పెట్టే ఆకారంలో ఉండే సాకెట్.

హోస్ట్ ఉన్నా క్లాస్ కంప్లయంట్ వాద్యాలనే గుర్తుపడుతుంది. డ్రైవర్ అడిగేవి కనపడవు. రోలాండ్ వాద్యాల్లో కొన్నింటికి సిస్టమ్ మెనూలో యూఎస్‌బీ డ్రైవర్ అనే సెట్టింగు ఉంటుంది. దాన్ని జెనరిక్‌కి మార్చి, కీబోర్డు ఆపి మళ్ళీ వేయాలి. ఇది తెలియక బాక్స్ పాడైందని వెనక్కి పంపేవాళ్ళుంటారు. ఒకే యూఎస్‌బీ తీగలో పదహారు దాకా వేరువేరు మిడి పోర్టులు పోవచ్చన్నది ఇంకో మెలిక. కొన్ని కంట్రోలర్లు కీలను మొదటి పోర్టులో, బటన్లను రెండో పోర్టులో పంపుతాయి. బాక్స్ రెండింటినీ కలిపేస్తే బటన్ నొక్కినప్పుడు అక్కర్లేని నోట్లు మోగుతాయి.

కరెంటు లెక్క కూడా చూడండి. యూఎస్‌బీ 2.0 పోర్టు ఒక్కో డివైస్‌కి 500 మిల్లీ ఆంపియర్ల దాకా ఇవ్వాలి. లైట్లు ఎక్కువున్న ప్యాడ్ ఒక్కటే అంత తినగలదు. రెండు మూడు తగిలిస్తే సొంత అడాప్టర్ ఉన్న హబ్ కావాలి. లేకపోతే పాట మధ్యలో అన్ని లైట్లూ వెలిగే సమయంలోనే కంట్రోలర్ ఊడిపోయి మళ్ళీ కలుస్తుంది.

జనరేటర్ మీద నడిచే స్టేజీలో యూఎస్‌బీ ఇంకో సమస్య తెస్తుంది. ఐదు పిన్నుల మిడిలో అందుకునే వైపు ఆప్టోకప్లర్ (కరెంటు బదులు వెలుతురుతో సందేశం దాటించే భాగం) ఉంటుంది కాబట్టి రెండు వాద్యాల గ్రౌండ్‌లు తీగ గుండా కలవవు. యూఎస్‌బీలో కలుస్తాయి. అందుకే యూఎస్‌బీ తగిలించగానే స్పీకర్లలో సన్నని కీచుమనే రొద, లేదా హమ్ మొదలవుతుంది. వాద్యానికి రెండు సాకెట్లూ ఉంటే డిన్‌నే వాడండి. యూఎస్‌బీ తప్పనిసరైతే మధ్యలో యూఎస్‌బీ ఐసోలేటర్ పెట్టండి, 12 మెగాబిట్ల ఫుల్ స్పీడ్ రకం మిడికి చాలు. లేదా ఆడియో వైపు డీఐ బాక్స్‌లో (వాద్యాన్ని మిక్సర్‌కి కలిపే పెట్టె) గ్రౌండ్ లిఫ్ట్ నొక్కండి. హమ్ పోవడానికి త్రీ పిన్ ప్లగ్‌లో ఎర్త్ పిన్ తీసేయడం మాత్రం ఎన్నడూ చేయొద్దు. తడి ఇసుక మీద వేసిన స్టేజీలో అది ప్రాణాల మీదకి తెస్తుంది.

ఏ బాక్స్

"కంప్యూటర్ అక్కర్లేదు" అన్న మాటకి రెండు అర్థాలున్నాయి. వాయించేటప్పుడు అక్కర్లేదు, సెట్ చేయడానికి కావాలి అన్నది ఒకటి. సెట్ చేయడానికి కూడా అక్కర్లేదు అన్నది రెండోది. కొత్త బాక్సుల్లో ఎక్కువ భాగం మొదటి రకం. అది తప్పేం కాదు, ఇంట్లో ఒకసారి కంప్యూటర్‌లో నియమాలు రాసి బాక్స్‌లో భద్రపరిస్తే చాలు. కానీ ప్రతి ప్రోగ్రాంకీ వేరే కీబోర్డు ప్లేయర్ వచ్చే ఆర్కెస్ట్రా అయితే రెండో రకం అవసరం.

బ్లోకస్ మిడిహబ్ నాలుగు డిన్ ఇన్‌లు, నాలుగు డిన్ అవుట్‌లు. ఎడిటర్‌లో ఫిల్టరు, ట్రాన్స్‌పోజు, ఛానెల్ మార్పు లాంటి ముక్కల్ని పైపుల్లా వరుసగా పేర్చుకోవచ్చు, ఎనిమిది ప్రీసెట్లు భద్రపరుచుకోవచ్చు. ప్రతి దారికీ వేరు నియమాలు కావాలన్న మన అవసరానికి ఇది సరిగ్గా సరిపోతుంది. దీనికి యూఎస్‌బీ హోస్ట్ లేదు, కాబట్టి ఆ చిన్న ప్యాడ్ దీనికి నేరుగా కలవదు. మధ్యలో యూఎస్‌బీని డిన్‌గా మార్చే చిన్న హోస్ట్ బాక్స్, కెంటన్ యూఎస్‌బీ హోస్ట్ లాంటిది, పెట్టుకోవాలి.

సీఎంఈ యూ6 మిడి ప్రోలో మూడు ఇన్‌లు, మూడు అవుట్‌లు. చిన్నది, ఫోన్ ఛార్జర్ మీద నడుస్తుంది, కానీ దీనికీ హోస్ట్ లేదు. అదే కంపెనీ హెచ్4 మిడి డబ్ల్యూసీలో డిన్ ఇన్‌లు రెండు, అవుట్‌లు రెండు, పైగా యూఎస్‌బీ హోస్ట్ ఉంది. ఒక కీబోర్డుని యూఎస్‌బీ వైపు మళ్ళించగలిగితే మన కాగితం మొత్తం ఇందులో ఇముడుతుంది. చిన్న ఆర్కెస్ట్రాకి నేను ముందు చూడమనేది దీన్నే.

ఐకనెక్టివిటీ మియో ఎక్స్ఎమ్‌లో నాలుగు ఇన్‌లు, నాలుగు అవుట్‌లు. మియో ఎక్స్ఎల్‌లో ఎనిమిది ఇన్‌లు, పన్నెండు అవుట్‌లు. రెండింటిలోనూ యూఎస్‌బీ హోస్ట్, నెట్‌వర్క్ మిడి ఉన్నాయి. పెద్ద చర్చిలో, ఆడిటోరియంలో స్థిరంగా బిగించి ఉంచే సెటప్‌కి ఇవి మంచివి. రోజూ ఆటోలో వేసుకుని తిరిగే సెటప్‌కి ఎక్కువే. బోమ్ బాక్స్‌లో డిన్ ఇన్ ఒకటి, అవుట్ ఒకటి మాత్రమే, కానీ యూఎస్‌బీ హోస్ట్ ఉంది. కంప్యూటర్‌లో బోమ్ వాళ్ళ ట్రాన్స్‌లేటర్ సాఫ్ట్‌వేర్‌తో రాసిన నియమాలు అందులో నడుస్తాయి. ఒక ప్యాడ్ కొడితే మూడు వాద్యాలకు మూడు వేరే సందేశాలు పోవాలి అన్నంత క్లిష్టమైన పనికి అది సరైనది.

కంప్యూటర్ అసలే వద్దనుకునేవాళ్ళకి కండక్టివ్ ల్యాబ్స్ వాళ్ళ ఎంఆర్‌సీసీ ఉంది. ముందు ప్యానెల్ మీదే ఇన్, అవుట్ బటన్లు నొక్కి దారులు కలపవచ్చు, యూఎస్‌బీ హోస్ట్ పోర్టులు కూడా ఉన్నాయి. పాతవాటిలో రోలాండ్ ఏ-880, యమహా ఎంజేసీ8 రెండూ ఎనిమిది ఇన్, ఎనిమిది అవుట్‌ల ప్యాచ్ బేలు. సెకండ్ హ్యాండ్‌లో దొరికితే దారులు కలపడానికి పనికొస్తాయి, వివరమైన ఫిల్టర్లు వాటి నుంచి ఆశించకండి. ఆ కాలపు సామానులో మెమరీ బ్యాటరీ అయిపోయి ఉండవచ్చు, ప్రీసెట్ సేవ్ చేసి ఒక రాత్రంతా ప్లగ్ తీసి ఉంచి చూశాకే డబ్బివ్వండి.

ఒకే ఒక్క పని, ఉదాహరణకి ఆక్టాప్యాడ్ నుంచి ప్రోగ్రాం చేంజ్ ఆపడం, అయితే మిడి సొల్యూషన్స్ వాళ్ళ చిన్న బాక్సులు చాలు. వాటికి అడాప్టర్ అక్కర్లేదు, మిడి తీగలోని కరెంటు మీదే నడుస్తాయి. అవుట్‌లో తక్కువ కరెంటు ఇచ్చే కొన్ని వాద్యాలతో మాత్రం ఇవి లేవవు.

వీటిలో ఎక్కువ భాగం విశాఖ షాపుల్లో అద్దాల వెనక కనపడవు, తెప్పించుకోవాల్సిందే. అందుకే కొనకముందు మాన్యువల్ చదవడం అంత అవసరం. బయటి దేశం నుంచి వస్తే కస్టమ్స్ సుంకం, వారంటీకి తిరిగి పంపే ఖర్చు కూడా ధరలో కలిపి చూసుకోండి.

పవర్, ఉప్పు, తీగలు

వైఫై రౌటర్ల కోసం అమ్మే మినీ యూపీఎస్ ఈ బాక్సులకి బాగా పనికొస్తుంది. చాలావాటిలో 5, 9, 12 వోల్టుల అవుట్‌లుంటాయి. బాక్స్ అడాప్టర్ మీద రాసిన వోల్టులు, ఆంపియర్లు, ప్లగ్ మధ్య పిన్ ప్లస్సా మైనస్సా అన్న బొమ్మ, మూడూ సరిపోల్చి తగిలించండి. మధ్య పిన్ తారుమారైతే బాక్స్ కాలిపోవచ్చు. యూపీఎస్ లేకుండా ఒకసారి పవర్ తీసి ఇచ్చి, మొదటి నోటు దాటడానికి ఎన్ని సెకన్లు పడుతుందో ఫోన్ స్టాప్‌వాచ్‌తో చూడండి. లేచాక చివరి ప్రీసెట్‌తో లేస్తుందా, ఖాళీగా లేస్తుందా అన్నది కూడా అప్పుడే తెలుస్తుంది.

సముద్రపు గాలికి డిన్ పిన్నుల మీద ఆకుపచ్చ పొర కడుతుంది. 5 మిల్లీ ఆంపియర్ల కరెంటుకి ఆ పొర చాలు, ఒక నోటు పోయి ఒక నోటు పోకుండా అవుతుంది. బీచ్ ప్రోగ్రాం అయిన మర్నాడు ప్లగ్గులను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి, సాకెట్లలోకి కాంటాక్ట్ క్లీనర్ కొద్దిగా కొట్టి ప్లగ్‌ని పది సార్లు పెట్టి తీయండి. బాక్స్‌ని మూత బిగుతుగా ఉండే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచండి.

తీగ 15 మీటర్లు దాటకూడదు. డిన్ ప్లగ్‌లో పిన్నులు వరుసగా 1, 4, 2, 5, 3. రెండు చివర్లా ఉన్న 1, 3 ఖాళీ, మధ్యలోని 2 షీల్డ్, దానికి అటూ ఇటూ ఉన్న 4, 5 పనిచేసేవి. మల్టీమీటర్ బజర్ పెట్టి 4కి 4, 5కి 5, 2కి 2 కలుస్తున్నాయో చూడండి. పాత టేప్ రికార్డర్ల డిన్ కేబుళ్ళు చూడ్డానికి ఇలాగే ఉంటాయి, లోపల తీగలు అడ్డదిడ్డంగా ఉండవచ్చు. 3.5 మిల్లీమీటర్ల జాక్ ఉన్న బాక్సులకైతే టైప్ ఏ, టైప్ బీ అని రెండు రకాల వైరింగ్ ఉంది. 2018లో టైప్ ఏ ప్రమాణమైంది: ప్లగ్ కొన 5వ పిన్, మధ్య రింగు 4వ పిన్. టైప్ బీలో ఇవి తారుమారు. తప్పు అడాప్టర్ పెడితే ఏదీ కాలదు, ఏదీ మోగదు కూడా.

బాక్స్‌ని తిట్టే ముందు ఒక ఎర్ర ఎల్ఈడీతో వాద్యాన్ని పరీక్షించవచ్చు. పొడవు కాలు మిడి అవుట్ సాకెట్ 4లో, పొట్టి కాలు 5లో పెట్టి కీ నొక్కండి. మినుకుమంటే వాద్యం పంపుతోంది. ఏమీ నొక్కకుండానే మినుకుమంటుంటే అది క్లాకో, యాక్టివ్ సెన్సింగో పంపుతోందన్నమాట, ఫిల్టర్ జాబితాలో రాసుకోండి.

సోల్డరింగ్ వచ్చినవాళ్ళు, ముఖ్యంగా ఈసీఈ చదివే పిల్లలు, టీన్సీ 4.1 అనే మైక్రోకంట్రోలర్ బోర్డుతో సొంతంగా చేసుకోవచ్చు. దానికి ఎనిమిది సీరియల్ పోర్టులు, ఒక యూఎస్‌బీ హోస్ట్ ఉన్నాయి. పిన్నులు 3.3 వోల్టులవి, 5 వోల్టులు తగిలితే పోతాయి. కాబట్టి ఇన్ దగ్గర 3.3 వోల్టుల మీద నడిచే హెచ్11ఎల్1 ఆప్టోకప్లర్, 220 ఓమ్ రెసిస్టర్, తిరగేసి పెట్టిన 1ఎన్4148 డయోడ్ వాడండి. అవుట్‌కి బఫర్ ఐసీ, 4వ పిన్‌కి 33 ఓమ్, 5వ పిన్‌కి 10 ఓమ్. ఇన్ సాకెట్‌లో 2వ పిన్‌ని గ్రౌండ్‌కి కలపకండి, కలిపితే ఆప్టోకప్లర్ పెట్టిన ప్రయోజనమే పోతుంది. ఆర్డుయినో మిడి లైబ్రరీలో థ్రూ (వచ్చినదాన్ని ఉన్నదున్నట్టు బయటికి పంపడం) మామూలుగానే ఆన్‌లో ఉంటుంది. దాన్ని ఆఫ్ చేయకపోతే మీరు రాసిన ఫిల్టర్ పక్కనుంచి అన్నీ దాటిపోతాయి.

సెటప్ సిద్ధమయ్యాక ప్రీసెట్ ఫైలు ఫోన్‌లో ఒక కాపీ, గడుల కాగితం ఫోటో ఇంకో కాపీ ఉంచండి. ప్యానిక్ బటన్ (ఆగకుండా మోగే నోట్లన్నీ ఆపేది) పనిచేస్తుందో చూడండి. ఆల్ నోట్స్ ఆఫ్ సందేశాన్ని పట్టించుకోని మాడ్యూళ్ళున్నాయి, వాటికి ఒక్కో నోటుకీ విడిగా ఆఫ్ పంపే బాక్స్ కావాలి. చివరగా, బాక్స్ పూర్తిగా చచ్చిపోతే ఏం చేయాలో కూడా అదే కాగితం కింద రాయండి. మన సెటప్‌లో అయితే పై కీబోర్డు అవుట్ తీగని నేరుగా మాడ్యూల్ ఇన్‌లో గుచ్చాలి, ఆక్టాప్యాడ్ తన సొంత టోన్లతో వాయించాలి, యూఎస్‌బీ ప్యాడ్ ఆ రోజుకి పక్కన పెట్టాలి. ఆ ఒక్క తీగకి రెండు చివర్లా పసుపు టేపు చుట్టి ఉంచండి, చీకట్లో కూడా చేతికి అదే దొరకాలి.